సలోనె మెట్ల కింద

పొద్దున తొమ్మిదింటికి పాదొవాలో
రాతిపలకల సందుల్లో ఇంకా తడి.
ఒక పక్క కూరల చౌకు, ఒక పక్క పళ్ళ చౌకు,
నడుమ, బోర్లించిన పడవలాంటి కప్పు మోస్తూ
ఎనిమిదివందల ఏళ్ళ కచేరీ.
ఊళ్ళోవాళ్ళు సలోనె అంటారు,
ఇంట్లో పెద్దగది గురించి చెప్పినట్టు.

పైన తీర్పులు చెప్పేవాళ్ళట,
కింద బేరాలు.
తీర్పులు ఎప్పుడో ఆగిపోయాయి.
వంకాయ ధర మీద మాత్రం
ఇవాళ కూడా వాదోపవాదాలు నడుస్తున్నాయి.

జైరా బొర్తొలెత్తో వేళ్ళు నల్లగా ఉన్నాయి.
ఆర్టిచోక్ పసరు, సబ్బుకి లొంగదంది.
రేకులన్నీ ఒలిచి కాళ్ళదగ్గర పోస్తుంది,
అడుగున మిగిలిన తెల్లటి బిళ్ళని
నిమ్మనీళ్ళ బకెట్లోకి విసురుతుంది.
ఇంత పువ్వుకీ ఇంతేనా తినేది అన్నాను.
ఇంతే. మా ఆయన కూడా ఇంతే, అంది.
పక్కకొట్టు ఎల్వేచ్యో, గుర్రపుమాంసం కోస్తున్నవాడు,
కత్తి ఆపి మరీ నవ్వాడు.

మూల కమాను దగ్గర రాతిలో చెక్కిన గుర్తులు చూపించింది వాడే.
ధాన్యానికో కొలత, ఇటుకకో కొలత, బట్టకో కొలత.
సోలెడు తగ్గిందని తగువొస్తే
ఇక్కడికి లాక్కొచ్చి తేల్చుకునేవాళ్ళట.
రాయి అబద్ధమాడదు, అన్నాడు ఎల్వేచ్యో.
చెక్కినవాడు ఆడొచ్చుగా, అంది జైరా, తలెత్తకుండా.

టికెట్టు కొని పైకెళ్ళాను.
ఖాళీ.
నా అడుగుల చప్పుడు అవతలి గోడ దాకా వెళ్ళి
ఎవరూ లేరని తిరిగొచ్చింది.
గోడలనిండా నెలలూ గ్రహాలూ,
ఒక చివర ఇంటంత కొయ్యగుర్రం,
దాని బొడ్డు కింద ఫోటో దిగుతున్న బడిపిల్లలు.
ఇంకో మూలన
రోలంత ఎత్తున నల్లరాయి.

అప్పు తీర్చలేనివాణ్ణి
ఒంటి చొక్కాతో తీసుకొచ్చి
జనం చూస్తుండగా మూడుసార్లు దీనిమీద కూలేసేవాళ్ళట.
కూలబడ్డప్పుడల్లా అనాలి:
ఉన్నదంతా వదులుకుంటున్నాను.
ఆపైన ఊరి పొలిమేర.
లాటిన్లో వాళ్ళకి రెండు మాటలు పట్టింది.
మనకి రెండక్షరాలు చాలు: ఐపీ.

కాపలా ముసలాయన పేరు ఓద్దోనె.
అందరూ గుర్రం బరువెంత అని అడుగుతారు,
దీనిమీద కూర్చున్నవాళ్ళ పేర్లు
ఇరవయ్యేళ్ళలో ఒక్కరూ అడగలేదన్నాడు.
నేనూ అడగలేదు.
నాకు ఒక పేరు తెలుసు.
చీటీలు కట్టించుకునే పుండరీకం గారు.
పద్దెనిమిది వేలు నావి.
ఆయన ఐపీ పెట్టిన రోజు షట్టర్ని తన్నిన కాళ్ళలో
ఒకటి నాది.
లోపల ఆయన చొక్కా తొడుక్కుని ఉన్నాడో లేదో
ఇన్నేళ్ళూ ఆలోచించలేదు.

ఈ రాయి చుట్టూ చూశాను.
కూర్చునేచోటు చిన్నది.
నిలబడే చోటు
ఎనభై మీటర్ల హాలు.

కిందికి వచ్చేసరికి కొట్లు కట్టేస్తున్నారు.
ఎల్వేచ్యో కొయ్యదిమ్మకి ఉప్పు రుద్దుతున్నాడు.
పదికి అయిదు యూరోలు, అంది జైరా,
బకెట్లో చెయ్యిపెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసింది.
సంచి నేను అందుకున్నాక
ఇంకోటి పడేసింది, అటెటో చూస్తూ.
కొసరు అనే మాట వాళ్ళకుందో లేదో,
అడగడానికి నాకు వాళ్ళ మాటలు చాలవు.

గది చేరాకగాని గుర్తు రాలేదు, నాకు పొయ్యి లేదని.
వాష్‌బేసిన్లో నీళ్ళుపట్టి అన్నీ అందులో వేశాను.
పదకొండు తెల్ల బిళ్ళలు
ఒకదాన్నొకటి తాకుతూ తేలుతున్నాయి.
వాటిలో ఆమె ఊరికే ఇచ్చింది ఏదో
చాలాసేపు వెతికాను.